ఒకే వేషం ఒకసారి ఫీచర్డ్, ఇంకోసారి లీడింగ్: టోనీ లెక్క ఏమిటి?

(నాటకాభిమానుల చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

పిట్‌లైట్

'ది కింగ్ అండ్ ఐ'లో రాజు వేషానికి 1952లో యూల్ బ్రిన్నర్‌కి టోనీ, అంటే న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలకిచ్చే అవార్డు, వచ్చింది. అదీ ఫీచర్డ్ యాక్టర్ విభాగంలో. పేరులోనే రాజున్న నాటకంలో రాజు సహాయ పాత్ర అన్నమాట! అదే వేషానికి 1996లో లూ డైమండ్ ఫిలిప్స్‌కీ, 2015లో కెన్ వతనబేకీ వచ్చిన నామినేషన్లు లీడింగ్‌లో. 'క్యాబరే'లో క్లబ్బు కార్యక్రమాన్ని నడిపే ఎమ్సీ సంగతీ అంతే. 1967లో జోయెల్ గ్రే ఫీచర్డ్‌లో గెలిచాడు, 1998లో ఆలన్ కమింగ్ లీడింగ్‌లో గెలిచాడు. రివైవల్‌లో, అంటే పాత నాటకాన్ని మళ్లీ కొత్తగా వేసినప్పుడు, పాటలు అటూ ఇటూ మారాయి, ఎమ్సీకి సీన్లు కాస్త పెరిగాయి, ఒప్పుకుంటాను. అంతమాత్రాన సహాయ పాత్ర నాయక పాత్ర అయిపోతుందా?

ఇంకో సందేహం 'ఫన్నీ గర్ల్' గురించి. 2022 సెప్టెంబరులో ప్రధాన వేషంలోకి లియా మిషెల్ వచ్చాక ఆ ప్రొడక్షన్ జాతకమే మారిపోయింది. 2023 టోనీ వేదిక మీద ఆమె చేత పాట కూడా పాడించారు. నామినేషన్ మాత్రం లేదు. వీళ్లు చూస్తున్నది నటననా, పోస్టర్ మీద పేర్ల వరసనా?

టైటిల్‌పేజీ

మొదట చూసేది పేర్ల వరసనే. ప్రేక్షకులకిచ్చే చిన్న పుస్తకం ప్లేబిల్‌లో టైటిల్ పేజీ తెరవండి. పైన థియేటర్ పేరు, దాని కింద నిర్మాతల పేర్ల దండకం. ఆ తర్వాత నాటకం పేరు కన్నా ముందు ఎవరైనా నటుల పేర్లుంటే వాళ్లు లీడింగ్. నాటకం పేరు కింద ఉన్నవాళ్లంతా, ఎంత పెద్ద వేషం వేసినా సరే, ఫీచర్డ్. లెక్కలోకి తీసుకునేది ఓపెనింగ్ నైట్, అంటే నాటకం అధికారికంగా మొదలైన రాత్రి, నాటి బిల్లింగ్‌ని, అంటే ఈ పేర్ల అమరికని. ఆ పేర్లు ఎక్కడ పడాలో రిహార్సల్స్ మొదలయ్యే ముందే ఏజెంట్లూ నిర్మాతలూ ఒప్పందంలో రాసుకుని ఉంటారు. అంటే విభాగం సగం అక్కడే తేలిపోతుంది.

మిగతా సగం టోనీ అడ్మినిస్ట్రేషన్ కమిటీ చేతిలో ఉంటుంది. అందులో 24 మంది: టోనీలిచ్చే రెండు సంస్థలు అమెరికన్ థియేటర్ వింగ్ తరఫున 10, బ్రాడ్‌వే లీగ్ తరఫున 10, రచయితలు, నటులు, డిజైనర్లు, దర్శకుల సంఘాల నుంచి ఒక్కొక్కరు. పేరు కిందున్న నటుణ్ని లీడింగ్‌కి మార్చమనో, పైనున్న నటుణ్ని ఫీచర్డ్‌కి దించమనో నిర్మాతలు వీళ్లకి అర్జీ పెట్టుకోవచ్చు. కమిటీ సీజన్‌లో కొన్నిసార్లు కూర్చుని, అప్పటిదాకా తెరలేచిన నాటకాల గురించి తేల్చి ప్రకటిస్తుంది. ఈ ప్రకటనలు చదవకుండా నామినేషన్లు ఊహించేవాళ్లు ఏటా బోల్తా పడుతుంటారు.

బ్రిన్నర్ విషయానికొస్తే, 1951లో ఆ నాటకం గెర్‌ట్రూడ్ లారెన్స్‌ది. పేరు పైన ఉన్నది ఆమె, లీడింగ్ యాక్ట్రెస్ గెలిచిందీ ఆమే. ఇక 1967 'క్యాబరే' మీరు చెప్పినదాని కన్నా విచిత్రం. పళ్ల కొట్టు పెద్దాయన హెర్ షుల్ట్స్ వేసిన జాక్ గిల్ఫర్డ్ లీడింగ్‌లో నామినేట్ అయ్యాడు, అద్దె ఇంటి ఓనరమ్మగా వేసిన లోటే లెన్యా కూడా లీడింగ్‌లోనే. నాటకమంతా నడిపించే ఎమ్సీ ఫీచర్డ్. కారణం బిల్లింగే.

దీన్ని అవమానంగా తీసుకున్నవాళ్లూ ఉన్నారు. '1776'లో జాన్ ఆడమ్స్ వేసిన విలియమ్ డేనియల్స్‌కి 1969లో ఫీచర్డ్ నామినేషన్ ఇస్తే వద్దనేశాడు. ఆడమ్స్ దాదాపు నాటకమంతా స్టేజీ మీదే ఉంటాడు. నన్నడిగితే ఆయన కోపం న్యాయమే.

రెండో అంకం

ఆ అర్జీల వెనక వ్యూహం కూడా ఉంటుంది. ఒకే నాటకంలో ఇద్దరు ఉద్దండులుంటే వేరువేరు విభాగాల్లో నిలబెట్టడం తెలివి. 2007లో 'గ్రే గార్డెన్స్' చూడండి: క్రిస్టీన్ ఎబర్సోల్ లీడింగ్, మేరీ లూయిస్ విల్సన్ ఫీచర్డ్. ఇద్దరూ గెలిచారు.

అలాగని, ఒకే విభాగంలో పెడితే ఓట్లు చీలి ఇద్దరూ ఓడిపోతారన్న మాటను మాత్రం నేను నమ్మను. 2004లో 'వికెడ్' నుంచి ఇడీనా మెన్జెల్, క్రిస్టిన్ చెనోవెత్ ఇద్దరూ లీడింగ్‌లోనే ఉన్నారు, మెన్జెల్ గెలిచింది. 2013లో 'కింకీ బూట్స్' నుంచి బిల్లీ పోర్టర్, స్టార్క్ శాండ్స్. పోర్టర్ గెలిచాడు. 2016లో 'హామిల్టన్' నుంచి బర్ వేషం వేసిన లెస్లీ ఓడమ్ జూనియర్, నాటకం రాసి హామిల్టన్‌గా వేసిన లిన్-మాన్యుయెల్ మిరాండా. ఓడమ్ గెలిచాడు. అదే ఏడాది ఫీచర్డ్ యాక్టర్‌లో 'హామిల్టన్' వాళ్లే ముగ్గురుంటే డేవీడ్ డిగ్స్ గెలిచాడు. నాటకం మీద ఊపు ఉంటే ఓటు చీలదు, ఇద్దరిలో ఎక్కువ మెరిసే వేషం వైపు ఒరుగుతుంది. బర్‌కి ఉన్న పాటలు హామిల్టన్‌కి లేవు కదా.

పిట్‌లైట్

బిల్లింగ్ సంగతి అర్థమైంది. గిల్ఫర్డ్ విషయం నాకు తట్టనేలేదు. మరి లియా మిషెల్ పేరు నాటకం పేరుకి పైనే ఉంది కదా?

టైటిల్‌పేజీ

ఆమెకి అడ్డొచ్చింది తేదీ. నటన అవార్డులు ఓపెనింగ్ నైట్ నాటి తారాగణానికే. 'ఫన్నీ గర్ల్' 2022 ఏప్రిల్ 24న ఓపెన్ అయినప్పుడు కథానాయిక ఫ్యానీ బ్రైస్ వేషంలో ఉన్నది బీనీ ఫెల్డ్‌స్టైన్. ఆమెకి నామినేషన్ రాలేదు. మొత్తం ప్రొడక్షన్‌కి వచ్చింది ఒకే ఒక్క నామినేషన్, ఫీచర్డ్‌లో జారెడ్ గ్రైమ్స్‌కి. జులై 31న ఫెల్డ్‌స్టైన్ వెళ్లిపోయింది, సెప్టెంబరు 6న మిషెల్ వచ్చింది. టోనీ పుస్తకంలో ఆ వేషం పేజీ అప్పటికే మూసేశారు.

ఇది వినడానికి మూర్ఖంగా ఉన్నా ఓటింగ్ నడిచే తీరు చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఏప్రిల్ చివర్లో అర్హత గడువు ముగుస్తుంది, మే మొదట్లో నామినేషన్లు, జూన్‌లో అవార్డులు. నామినేటింగ్ కమిటీ సీజన్‌లో ఓపెన్ అయిన ప్రతి ప్రొడక్షన్‌నీ చూడాలి. ఆ తర్వాత ఓటేసేవాళ్లు వేరు, 800 మందికి పైగా. ఒక విభాగంలో ఓటెయ్యాలంటే అందులో నామినేట్ అయిన అందర్నీ చూసి ఉండాలి. రీప్లేస్‌మెంట్లను, అంటే తర్వాత ఆ వేషంలోకి వచ్చినవాళ్లను, కూడా కలిపితే ఎప్పుడో ఓపెనై ఏళ్లుగా ఆడుతున్న ప్రతి నాటకానికీ, నటుడు మారినప్పుడల్లా వీళ్లందరినీ మళ్లీ తీసుకెళ్లాలి. 'చికాగో' రివైవల్ 1996 నవంబరు నుంచి ఆడుతోంది, అందులో ప్రధాన వేషం రాక్సీకి ఎంతమంది మారారో వేళ్ల మీద లెక్కపెట్టండి చూద్దాం.

మినహాయింపు లేకపోలేదు. 1970లో 'కంపెనీ' ఓపెనైన నెల రోజులకే ప్రధాన వేషం బాబీని వదిలి డీన్ జోన్స్ తప్పుకున్నాడు, లారీ కర్ట్ వచ్చాడు. 1971లో లీడింగ్ నామినేషన్ కర్ట్‌కే ఇచ్చారు. పాటల రికార్డులో వినిపించే గొంతు మాత్రం జోన్స్‌ది.

స్వింగ్ ట్రాక్

మిషెల్ గురించే మాట్లాడుతున్నారు, జూలీ బెంకోని మర్చిపోయారు. మధ్యలో ఆగస్టు నెలంతా ఫ్యానీగా మోసింది ఆవిడే. ఆ తర్వాత గురువారాలు ఆవిడవి. ఈ మనుషులకి టోనీలో చోటే లేదు. కోరస్‌కి కూడా లేదు, అందుకే నటుల సంఘం ఈక్విటీ తనే విడిగా బ్రాడ్‌వే కోరస్‌కి ఒక అవార్డు ఇస్తుంది.

చాలామంది అన్నిటినీ అండర్‌స్టడీ అనేస్తారు కాబట్టి తేడా చెప్తాను. అండర్‌స్టడీ రోజూ స్టేజీ మీద ఉంటాడు, ఏ కోరస్‌లోనో చిన్న వేషంలోనో. పెద్ద వేషం అతనికి వచ్చిందంటే అతని రోజువారీ వేషంలోకి ఇంకొకరు రావాలి. స్టాండ్‌బై స్టేజీ మీద ఉండడు, ఒకటో రెండో పెద్ద వేషాల కోసమే సిద్ధంగా ఉంటాడు. ఆల్టర్నేట్‌కి వారంలో ఫలానా ప్రదర్శన అని ముందే రాసిపెట్టి ఉంటుంది. స్వింగ్ పని అన్నిటికన్నా కష్టం: కోరస్‌లో చాలా ట్రాక్‌లు ఒక్కరే నేర్చుకోవాలి. ట్రాక్ అంటే పాటా స్టెప్పూ మాత్రమే అనుకోకండి. ఏ వైపు నుంచి రావాలి, కుర్చీ ఎవరు జరపాలి, దుస్తులు మార్చుకోవడానికి ఎన్ని క్షణాలు, హార్మొనీలో ఏ వరస పాడాలి, అన్నీ అందులో భాగమే.

దెబ్బ ఎక్కడ పడుతుందంటే, స్వింగ్‌ల కన్నా సెలవు పెట్టినవాళ్లు ఎక్కువైన రోజున. అప్పుడు డాన్స్ కెప్టెన్ రెండు ట్రాక్‌లు కలిపి ఒకరికి అప్పజెప్తాడు, జంటలు విడగొడతాడు, ఎత్తి తిప్పే లిఫ్టులు తీసేస్తాడు. మామూలు ప్రేక్షకుడికి తెలియదు. రెండోసారి చూసేవాడికి వరసలో ఒక మనిషి తగ్గినట్టు తెలుస్తుంది. 2021 డిసెంబరులో కోవిడ్ మళ్లీ విజృంభించినప్పుడు 'ది మ్యూజిక్ మ్యాన్'లో సటన్ ఫాస్టర్ రాలేకపోతే స్వింగ్ కాతీ వోయిట్కో కథానాయిక మారియన్‌గా వెళ్లింది. నాటకం చివర హ్యూ జాక్‌మన్ స్వింగ్‌ల గురించి మాట్లాడింది ఆ రోజే.

ఒక నటుడి కోసమే టికెట్ కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: మార్పు ఉంటే లాబీలో బోర్డు, ప్లేబిల్‌లో చీటీ, తెరలేచే ముందు ప్రకటన, ఈ మూడిట్లో కనీసం రెండు విధాలుగా చెప్పాలన్నది ఈక్విటీ నిబంధన. కాబట్టి సీట్లో కూర్చునే ముందే బోర్డు చూడండి. నాటకం పేరు పైన ఉన్న నటుడు రాకపోతేనే డబ్బు వాపసో, ఇంకో రోజుకి మార్పో అడగ్గలరు. అదీ తెరలేవకముందే బాక్సాఫీసు దగ్గరికెళ్లి. పేరు కిందున్నవాళ్లు రాకపోతే అడిగినా దక్కదు. చూశారా, ఇక్కడా ఆ బిల్లింగే.

మూడో గంట

కాస్టింగ్ మాటొచ్చింది కాబట్టి నాకు అసలు ముఖ్యమనిపించే సంగతి: ఓపెనింగ్ నైట్ దాకా ఒక రకంగా ఆలోచించి, రీప్లేస్‌మెంట్ దగ్గరికొచ్చేసరికి నిర్మాతలు వేరే లెక్కలు వేస్తారు. అవార్డు చేతికొచ్చేసింది, ఇక టికెట్లు అమ్ముకోవాలి.

'మేబీ హ్యాపీ ఎండింగ్' తీసుకోండి. దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో రెండు రోబోల కథ. 2016లో సియోల్‌లోనే మొదట ఆడింది. 2024 నవంబరులో బెలాస్కో థియేటర్లో ఓపెనై 2025లో బెస్ట్ మ్యూజికల్‌తో సహా 6 టోనీలు గెలిచింది. డారెన్ క్రిస్‌కి లీడింగ్ యాక్టర్ అందులో ఒకటి. రెండు నెలలైనా తిరక్కుండానే, జులైలో, క్రిస్ సెలవు మీద వెళ్లే తొమ్మిది వారాలకి అతని రోబో ఆలివర్ వేషంలో తెల్లజాతి నటుడు ఆండ్రూ బార్త్ ఫెల్డ్‌మన్ అని ప్రకటించారు. ఆసియా మూలాలున్న అమెరికన్ నటులు మండిపడ్డారు. రోబోకి జాతి ఏమిటన్నది అటువైపు వాదన. కథ మొత్తం కొరియాలో పెట్టుకుని, గెలిచినప్పుడు ఆ విషయం గర్వంగా చెప్పుకుని, వేషం ఖాళీ అయినప్పుడు జాతి లేదనడం నాకు మింగుడుపడదు.

'మిస్ సైగాన్' నాటి గొడవకి ఇది వేరు. అక్కడ పేచీ ఓపెనింగ్‌కి ముందే వచ్చింది. లండన్‌లో సగం ఆసియా మూలాలున్న ఇంజినీర్ వేషం వేసిన తెల్లజాతి నటుడు జొనాథన్ ప్రైస్‌ని బ్రాడ్‌వేకి తేవడానికి 1990లో ఈక్విటీ ఒప్పుకోలేదు. నిర్మాత కామెరాన్ మాకిన్‌టాష్ ప్రొడక్షన్‌నే రద్దు చేస్తున్నానన్నాడు, ఈక్విటీ వెనక్కి తగ్గింది. 1991లో ప్రైస్‌కీ టోనీ, లియా సలోంగాకీ టోనీ.

రెండో అంకం

మూడో గంట గారూ, ఆలివర్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. రీప్లేస్‌మెంట్ అంటేనే డబ్బు లెక్క, అదొక తప్పు అన్నట్టు రాశారు, అక్కడ మాత్రం కాదు. 2017లో 'గ్రేట్ కామెట్' చూడండి. 12 నామినేషన్లు, చేతికొచ్చినవి సెట్‌కీ లైటింగ్‌కీ రెండు. జులై మొదట్లో స్టార్ గాయకుడు జాష్ గ్రోబన్ వెళ్లిపోగానే అమ్మకాలు జారాయి. అతని తర్వాత పియెర్ వేషంలోకి వచ్చిన నల్లజాతి నటుడు ఓకియెరియెటె ఓనాడోవన్‌ని గడువుకి ముందే పక్కకి తప్పించి తెల్లజాతి నటుడు మాండీ పటింకిన్‌ని ప్రకటించారు. అభ్యంతరాలు రాగానే పటింకిన్ తప్పుకున్నాడు, సెప్టెంబరు 3న నాటకం మూతపడింది. ఆ నిర్ణయాన్ని నేను వెనకేసుకురాను. కాకపోతే స్టార్ పేరు మీద నిలబెట్టిన అంత పెద్ద ప్రొడక్షన్ ఆ పేరు లేకుండా వారానికి 8 ప్రదర్శనలు నిండాలంటే ఎలా నిండుతుంది? తప్పు రీప్లేస్‌మెంట్ దగ్గర మొదలవలేదు, మొదటి రోజు బడ్జెట్ రాసుకున్న దగ్గరే మొదలైంది.

పిట్‌లైట్

చివరగా ఒకటి. ఒకే వేషం ఇద్దరు ముగ్గురు వంతులవారీగా వేస్తుంటే బిల్లింగ్, ఓపెనింగ్ నైట్ లెక్కలు ఎలా పనిచేస్తాయి? ఓపెనింగ్ రోజున వేసేది ఒక్కరే కదా.

టైటిల్‌పేజీ

అక్కడ నిబంధన కన్నా కమిటీ నిర్ణయమే చెల్లుతుంది. 'బిల్లీ ఎలియట్'లో డేవిడ్ అల్వారెజ్, ట్రెంట్ కోవాలిక్, కిరిల్ కులిష్ వంతులు వేసుకున్నారు. 2009లో ముగ్గురినీ కలిపి ఒకే నామినేషన్‌గా లెక్కపెట్టారు, ముగ్గురూ లీడింగ్ యాక్టర్ గెలిచారు. దానివల్ల ఆ ఏడాది మిగతా పెద్దవాళ్లకి అన్యాయం జరిగిందన్న గొణుగుడు ఇప్పటికీ ఉంది. నాలుగేళ్ల తర్వాత 'మటిల్డా'లో నలుగురు అమ్మాయిలుంటే పోటీలో పెట్టకుండా నలుగురికీ కలిపి విడిగా గౌరవ టోనీ ఇచ్చారు. వంతులు లేకపోయినా జంటగా లెక్కపెట్టిన సందర్భం 1998లో 'సైడ్ షో'. అందులో అతుక్కుపుట్టిన కవలలుగా వేసిన ఎమిలీ స్కిన్నర్, ఆలిస్ రిప్లీ ఇద్దరిదీ ఒకే నామినేషన్.