ఐదు నక్షత్రాల కారులో పసిబిడ్డకు వేరే సీటు అవసరమా?

శ్రీకాకుళం సభ్యురాలు: మా పాపకు ఏడాదిన్నర. భారత్ ఎన్‌క్యాప్ అనే కార్ల భద్రతా పరీక్షలో పెద్దల రక్షణకూ పిల్లల రక్షణకూ ఐదేసి నక్షత్రాలు వచ్చిన కారు కొంటున్నాము. తరచూ విశాఖపట్నం వెళ్తుంటాము. పాప వెనుక సీట్లో వాళ్ల నాయనమ్మ ఒడిలో కూర్చుంటుంది. కారే అంత భద్రమైనదైతే పిల్లల సీటు కూడా కొనాలా?

చీపురుపల్లి సభ్యులు: అవసరం లేదని నా అభిప్రాయం. ఐదుగురు కూర్చునే కారులో ఆ సీటు ఒక మనిషి చోటును తినేస్తుంది. పైగా బిడ్డ కొత్త సీటులో ఏడుస్తుంది, ఒడిలో నిద్రపోతుంది.

టెక్కలి సభ్యులు: మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది గాని ఈ మాటతో ఏకీభవించలేను. 2023 అక్టోబరు నుంచి అమలులో ఉన్న భారత్ ఎన్‌క్యాప్‌లో పిల్లల రక్షణకు 49 మార్కులు. వాటిలో 24 మార్కుల కోసం, ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల ప్రమాణంలో చేసిన బొమ్మలను పిల్లల సీట్లలో కట్టి కూర్చోబెట్టి కారును ఢీకొట్టిస్తారు. మరో 12 మార్కులు అలాంటి సీట్లు ఆ కారులో సరిగా అమరుతున్నాయా అన్నదానికి. కాబట్టి ఆ నక్షత్రాలు సీటులో కట్టిన బిడ్డవే, ఒడిలోని బిడ్డవి కావు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనులో పదోవంతులో ఆగిపోతే, 10 కిలోల బిడ్డను పట్టి ఆపడానికి సుమారు 140 కిలోల బరువు మోసేంత బలం కావాలి. ఎంత ప్రేమ ఉన్నా ఏ నాయనమ్మ చేతులకు అది సాధ్యం? జాతీయ రహదారి 16 మీద మనం 50తో వెళ్లము కూడా. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెడితే, పెద్దవారి బరువు బిడ్డను బెల్టుకేసి నలిపేస్తుంది. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, తగిన సీటు గాని లేకపోతే 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 1,000 రూపాయల జరిమానా ఉంది. అయినా ఇది జరిమానాకు భయపడి కొనవలసిన వస్తువు కాదు.

అమ్మా, కొత్త కారుకు వేయించే సీటు కవర్లు వెనుక సీటులోని ఐసోఫిక్స్ కొక్కేలను (పిల్లల సీటును కారుకు బిగించేవి) మూసేయకుండా చూసుకోండి. సీటు కొలతలు అనుమతించినంత కాలం పాపను వెనక్కి తిరిగి ఉండేలా కూర్చోబెట్టండి, ఎందుకంటే ఆ వయసులో తల బరువు, మెడ లేత. అలాంటి సీటును పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఎదుట, ముందు సీటులో మాత్రం ఎన్నడూ పెట్టకండి.

చీపురుపల్లి సభ్యులు: మార్కుల సంగతి సరే. పెళ్లికి అద్దె కారులో వెళ్లినప్పుడు ఏం చేయాలి? బిడ్డ ఏడుపు ఆపకపోతే?

టెక్కలి సభ్యులు: కారు సీటు బెల్టుతోనే బిగించగల పిల్లల సీట్లు ఉన్నాయి, అది కొంటే ఏ కారులోకైనా వెంట తీసుకెళ్లవచ్చు. ఏడిస్తే భోగాపురం దగ్గరో రణస్థలం దగ్గరో సురక్షితమైన చోట కారు ఆపి, ఎత్తుకుని, పాలు పట్టి, మళ్లీ కట్టిన తరువాతే బయలుదేరండి. పదినిమిషాలు ఆలస్యమైతే కానివ్వండి, కదిలే కారులో మాత్రం బిడ్డ కట్టు విప్పకండి.