ఆయిల్ అమ్మే దేశాలే ఆయిల్ తగలేస్తున్నాయా?

ప్రశ్న: సౌదీలో కరెంటు కోసం క్రూడాయిల్‌ని డైరెక్ట్‌గా కాల్చేస్తారంట, నిజమేనా? ఎక్స్‌పోర్ట్ చేస్తే డాలర్లొస్తాయి కదా?

జవాబు 1: నిజమే అండి. ఎండాకాలం ఏసీల లోడు అమాంతం పెరిగిపోద్ది, గ్యాస్ చాలదు, పైగా సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంట్లు కూడా కరెంటు తెగ తాగేస్తాయి, ఇక క్రూడ్ బాయిలర్లలోకి పోక ఏం చేస్తుంది. సబ్సిడీ ఇచ్చి కరెంటు రేటు చవక చేస్తే ఎవడు పొదుపు చేస్తాడు చెప్పండి.

జవాబు 2: ఒకప్పుడు ఆయిల్ అమ్మిన ఇండోనేషియాని చూడండి. పాత బావులు తగ్గి, వాడకం పెరిగి దిగుమతులకి దిగింది, 2009లో ఒపెక్ (ఆయిల్ ఎక్స్‌పోర్ట్ చేసే దేశాల కూటమి) నుంచి బయటికొచ్చేసింది. 2016లో మళ్ళీ చేరి అదే ఏడాది మళ్ళీ సస్పెండ్, అదో కామెడీ.

ప్రశ్న అడిగినవారు: మరి సబ్సిడీ తీసేయొచ్చుగా?

జవాబు 2: నైజీరియా 2012 జనవరి 1న పెట్రోల్ మీద తీసేసింది, లీటరు 65 నైరాల నుంచి 141కి పోయింది, దేశమంతా సమ్మె, అదే నెల్లో 97కి దించారు.

జవాబు 3: యూఏఈ రూటే వేరు. కరెంటు కోసం బరాకాలో 4 అణు రియాక్టర్లు పెట్టుకుంది.