టీసీసీఏ (పూల్‌లో వేసే క్లోరిన్ మందు) రోజూ పడుతున్నా పూల్‌లో నాచు ఎందుకు?

నీలిగట్టు:
హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పూల్. పొడవు 10 మీటర్లు, వెడల్పు 7, సగటు లోతు 1.4, అంటే సుమారు 98 వేల లీటర్లు. బోరు నీళ్లే. అయిదు నెలలుగా రోజూ 250 గ్రాముల టీసీసీఏ 90 పడుతోంది. పసుపు రంగు తిరిగే కిట్‌లో క్లోరిన్ 3, పీహెచ్ 7.8. అయినా గోడ తడిమితే జారుతోంది, మెట్ల మూలల్లో నాచు. మోతాదు పెంచాలా?

ఇసుకఫిల్టర్:
పెంచొద్దండీ, ఇంకా ముదురుతుంది. టీసీసీఏలో క్లోరిన్‌తో పాటు సైనూరిక్ యాసిడ్ ఉంటుంది. క్లోరిన్ ఎండకూ నాచుకూ ఖర్చయిపోతుంది, సైనూరిక్ మాత్రం నీళ్లలోనే పేరుకుంటుంది. మీ మోతాదుకు రోజుకు 1.4 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), నెలకు 40 పైమాటే. 30–50 ఉంటే ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడుతుంది. 100 దాటితే దాన్నే కట్టిపడేస్తుంది. ఫ్రీ క్లోరిన్ (ఇంకా ఖర్చవకుండా పనికి మిగిలినది) సైనూరిక్ అంకెలో కనీసం 7.5 శాతం ఉండాలి. సైనూరిక్ 130 ఉంటే 10 కావాలి, మీ 3 ఏ మూలకు?

పైగా పసుపు కిట్ చూపేది మొత్తం క్లోరిన్. ఫ్రీ క్లోరిన్‌కు గులాబీ రంగొచ్చే డీపీడీ కిట్ కొనండి. సైనూరిక్ టెస్టు వేరు: పూల్ నీళ్లు, రీఏజెంట్ (టెస్టు కిట్‌లోని ద్రవం) సమంగా కలిపితే పాలలా తెల్లబడుతుంది. గొట్టంలో పోస్తూ పైనుంచి చూడండి. అడుగున నల్లచుక్క ఎక్కడ మాయమైతే అదే రీడింగ్. 100 దాటితే పూల్ నీళ్లకు సమంగా కుళాయి నీళ్లు కలిపి మళ్లీ చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి.

నీలిగట్టు:
చేశాం, 130 వచ్చింది. మొత్తం తోడేయమంటారా?

పంపురూమ్:
వానాకాలంలో ఆ పని చేయకండి. చుట్టూ ఊట పైకొచ్చి ఖాళీ తొట్టిని ఎత్తేస్తే అడుగు పగులుతుంది. మూడో వంతు తోడి, నింపి, కలియనిచ్చి మళ్లీ తోడండి. మూడు విడతల్లో 130 కాస్తా 87, 58, 39కి దిగుతుంది.

తర్వాత పీహెచ్ తగ్గించే యాసిడ్‌తో (సైనూరిక్ కాదు) పీహెచ్ 7.2కి దించండి. క్లోరిన్ 10 దాటాక పీహెచ్ రంగు నమ్మడానికి లేదు కాబట్టి ఈ పని ముందే కావాలి. మర్నాడు పొద్దుగూకాక, పంపు నడుస్తుండగా, 10 శాతం సోడియం హైపో (ద్రవ రూపంలోని క్లోరిన్ మందు) తాజాది 16 లీటర్లు పోసి గోడలు బ్రష్ చేయండి. సుమారు 16 పీపీఎం వస్తుంది. డీపీడీ గులాబీ మెరిసి వెంటనే తెల్లబడితే క్లోరిన్ ఎక్కువైందని అర్థం, ఒక వంతు పూల్ నీళ్లకు మూడు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి నాలుగుతో గుణించండి. నీళ్లు తేటపడి, రాత్రికి రాత్రి క్లోరిన్ 1 పీపీఎం మించి తగ్గనప్పుడే హైపో పోయడం ఆపండి. క్లోరిన్ 4కి దిగేదాకా ఎవర్నీ దిగనివ్వొద్దు.

ఇసుకఫిల్టర్:
ఇకపై రోజూ 2–3 లీటర్ల హైపో చాలు. యాసిడ్, హైపో ఎక్కడా కలవకూడదు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మిగిలిన టీసీసీఏ తీసిన మగ్గుతో కాల్షియం హైపో (ఇంకో రకం క్లోరిన్ మందు) ముట్టుకోనే వద్దు, రెండూ కలిస్తే మంట లేస్తుంది.