మెమరీ నిండిపోతే అడిగిన ప్రోగ్రామ్‌కు లేదనాలా, నడుస్తున్న ప్రోగ్రామ్‌ను చంపాలా?

ప్రశ్న:
8 జీబీ ర్యామ్ ఉన్న మా లినక్స్ సర్వర్‌లో డేటాబేస్ అర్ధరాత్రి ఉన్నట్టుండి ఆగిపోయింది. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) లాగ్ తీసి చూస్తే, బ్యాకప్‌ను కుదించే ప్రోగ్రామ్ మెమరీని మింగుతూ పోగా, మెమరీ అయిపోయినప్పుడు ఏదో ఒక ప్రోగ్రామ్‌ను చంపే కెర్నల్ భాగమైన ఓఓఎం కిల్లర్ దాన్ని వదిలేసి డేటాబేస్‌ను బలి తీసుకున్నట్టు తేలింది. మెమరీ లేనప్పుడు అడిగినవారికే లేదని చెప్పకుండా, మధ్యలో మరొకరిని చంపే పద్ధతిని ఆపరేటింగ్ సిస్టమ్ ఎందుకు పెట్టుకుంది?

జవాబు 1:
లేదనవలసిన సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది. ప్రోగ్రామ్ మెమరీ అడగడానికి వాడే మ్యాలక్ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు లినక్స్ ఇచ్చేది చిరునామాలే. ఒక్కొక్క పేజీలో (మెమరీలోని చిన్న ముక్కలో) ప్రోగ్రామ్ మొదటిసారి రాసినప్పుడే దానికి అసలు ర్యామ్ కేటాయిస్తుంది. ఇలా ఉన్నదానికి మించి మాట ఇవ్వడానికి కారణం లేకపోలేదు. 5 జీబీ వాడుతున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఫోర్క్ చేస్తే, అంటే తన నకలును సృష్టించుకుంటే, రెండూ అవే పేజీలను పంచుకుంటాయి కనుక అదనంగా పట్టేది కొద్దిగానే అయినా, కఠినంగా లెక్కిస్తే మరో 5 జీబీకి హామీ ఉండాలి. మీరు కోరిన పద్ధతి కావాలంటే ఓవర్‌కమిట్ మెమరీ అనే కెర్నల్ సెట్టింగ్ విలువను 2 చేయండి. అప్పుడు స్వాప్‌కు (ర్యామ్‌కు తోడుగా డిస్కులో ఉంచే చోటుకు) ర్యామ్‌లో సగం కలిపిన మొత్తాన్ని దాటి కెర్నల్ మాట ఇవ్వదు. ఆ సగాన్ని మార్చుకోవచ్చు గానీ, మార్చకపోతే, స్వాప్ లేని పక్షంలో మీ సర్వర్ 4 జీబీ దగ్గరే చేతులెత్తేస్తుంది. విండోస్ కూడా ర్యామ్, పేజీ ఫైల్ (దాని స్వాప్) కలిసిన పరిమితికి లోబడే మాట ఇస్తుంది.

జవాబు 2:
అడిగినవారికే లేదనే ఆ పద్ధతిలో లేదనిపించుకునేది ఎక్కువ తిన్న ప్రోగ్రామ్ కాదు, ఆఖరున అడిగిన ప్రోగ్రామ్. అది మీ డేటాబేసే కావచ్చు, పరిస్థితి చక్కదిద్దడానికి మీరు తెరవబోయే షెల్ కూడా కావచ్చు. పైగా మ్యాలక్ నల్ (మెమరీ లేదనే జవాబు) ఇస్తే ఏం చేయాలో సరిగ్గా రాసుకున్న ప్రోగ్రామ్‌లు అరుదు. ఓఓఎం కిల్లర్ ర్యామ్, స్వాప్, పేజీ టేబుళ్లు (చిరునామాలను ర్యామ్‌తో జతచేసే పట్టికలు) కలిపి ఎవరు ఎక్కువ పట్టుకున్నారో చూస్తుంది కనుక, పెద్ద క్యాష్ ఉంచుకునే డేటాబేస్ జాబితాలో ముందుంటుంది. కిల్లర్ ఎంపికను సవరించే దాని ఓఓఎం స్కోర్ అడ్జ్ విలువను -1000 చేస్తే కిల్లర్ దాని జోలికి రాదు. అన్నింటికీ అలాగే పెట్టేస్తే మాత్రం చంపడానికి ఎవరూ దొరక్క కెర్నలే పానిక్ అవుతుంది, అంటే సిస్టమ్ మొత్తం ఆగిపోతుంది.

జవాబు 3:
నా దృష్టిలో చంపడం కంటే ఆలస్యంగా చంపడం పెద్ద లోపం. మెమరీ బిగిసినప్పుడు కెర్నల్ ప్రోగ్రామ్‌ల కోడ్ పేజీలను సైతం బయటికి నెట్టి, మరుక్షణమే డిస్కు నుంచి మళ్లీ చదువుతుంది. ఏవో పేజీలు ఖాళీ అవుతూనే ఉంటాయి కనుక పని జరుగుతోందనుకుని కిల్లర్‌ను పిలవదు. ఈలోగా దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి ఎస్‌ఎస్‌హెచ్ కూడా పలకదు. 2018లో వచ్చిన 4.20 కెర్నల్ నుంచి, ప్రాసెస్‌లు మెమరీ కోసం ఎంతసేపు నిలిచిపోతున్నాయో పీఎస్‌ఐ అనే కెర్నల్ కొలమానం చెబుతోంది. సిస్టమ్‌డీ ఓఓఎండీ అనే నేపథ్య ప్రోగ్రామ్ దాన్ని చూసి, కెర్నల్ కంటే ముందే చంపడానికి కదులుతుంది. మీ విషయంలో అంత దూరం కూడా అక్కర్లేదు. బ్యాకప్‌ను వేరే సీగ్రూప్‌లో (వనరులకు హద్దు పెట్టగల ప్రాసెస్‌ల గుంపులో) ఉంచి, దాని మెమరీ హద్దు అయిన మెమరీ మ్యాక్స్ 1 జీబీ పెడితే, హద్దు దాటినప్పుడు కిల్లర్ ఆ గ్రూపులోనే వెతుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
బ్యాకప్ పెద్ద ఫైళ్లను చదువుతుంది. చదివినవాటిని కెర్నల్ మెమరీలో ఉంచుకునే ఆ పేజీ క్యాష్ కూడా 1 జీబీ లెక్కలోకి వస్తే, అది ప్రతి రాత్రీ చావదా?

జవాబు 3:
లెక్కలోకి వస్తుంది, కానీ హద్దు తగిలినప్పుడు కెర్నల్ ముందుగా ఆ క్యాష్‌నే వదిలించుకుంటుంది. బ్యాకప్ కొంత నెమ్మదిస్తుంది; కుదించే ప్రోగ్రామ్ సొంత మెమరీయే హద్దు దాటితే తప్ప చావదు.