జంబు ఉల్లిని ఏ ముప్పు వర్గంలో చేర్చాలి?

నమస్కారం. నేను గుంటూరులో బోటనీ పీజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం హిమాలయాల ఎత్తుల్లో పెరిగే అడవి ఉల్లి, అలియం స్ట్రాచియైని తీసుకున్నాను. (ఈ ఎండల ఊళ్లో కూర్చుని మంచుకొండల మొక్క ఎందుకని అమ్మ కూడా అడిగింది.) ఉత్తరాఖండ్‌లో దాని ఎండుటాకులను జంబు అంటారు, మనం ఇంగువ వేసినట్టు పప్పు పోపులో వేస్తారు. స్నేహితురాలు తెచ్చిన చిటికెడు ఆకును నేతిలో వేశాను. ఎండుగడ్డిలా ఉన్నది కాస్తా నల్లబడి, వెల్లుల్లి వాసనతో వంటిల్లు నిండిపోయింది.

చిక్కంతా లెక్కలో ఉంది. ఏ జాతికి అంతరించే ముప్పు ఎంతుందో వర్గాలుగా చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్. దాని పద్ధతిలో పటం మీద 2 కిలోమీటర్ల భుజంతో గడులు గీస్తే, మొక్క దొరికినట్టు నా దగ్గరున్న 23 చోట్లకు 92 చదరపు కిలోమీటర్లే వచ్చింది. 500 కంటే తక్కువ కనుక 'ఎండేంజర్డ్' (తీవ్ర ముప్పు) వైపు మొగ్గుతోంది. అంచుల్లోని చోట్లను కలుపుతూ గీసిన విస్తీర్ణం మాత్రం 5,000 దాటి అంతకంటే తక్కువ ముప్పున్న 'వల్నరబుల్' దగ్గర ఆగింది. ఇంతకీ మొక్క అరుదా, వెతికినవాళ్లు అరుదా?

పాత హెర్బేరియం (ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలు) చీటీల మీద 'కుమావూన్' అని ఉత్తరాఖండ్‌లోని ప్రాంతం పేరు, ఎత్తు ఎంతని తప్ప మరేమీ లేదు. వాటిని వదిలేయాలా? పెరళ్లలో పెంచే జంబును లెక్కలోంచి తీసేశాను, అది సరే. కానీ కోత వల్ల తగ్గుతోందని చెప్పడానికి ఊరివాళ్ల మాట చాలుతుందా? ఆ తగ్గుదలను పదేళ్లు, మూడు తరాలు, వీటిలో ఏది ఎక్కువైతే ఆ కాలానికి చూడాలంటారు. దుంప నుంచి పిలకలు వేసే మొక్కకు తరం అంటే ఎన్నేళ్లు?

ఇలాంటి అంచనా వేసినవారు దయచేసి చెప్పండి. సమర్పణకు మూడు వారాలే ఉంది.