ఆఫ్రికా వాళ్లకి వేరే అవార్డులు దేనికి?

టార్నీట్ రాజు:
మొన్న శనివారం ఒక అవార్డుల ఫంక్షన్‌కి వెళ్లాను. నాతో పాటు వృద్ధుల్ని చూసుకునే ఏజ్డ్ కేర్‌లో నైట్ షిఫ్టు చేసే దక్షిణ సూడాన్ మిత్రుడు పిలిచాడు. మెల్‌బోర్న్ పడమటి పేటల్లో ఉన్న ఆఫ్రికా వలస కుటుంబాల్లో చదువులోనో, వ్యాపారంలోనో, సేవలోనో పైకి వచ్చినవాళ్లని పిలిచి సత్కరిస్తారు. ఆరున్నరకి అన్నారు, ఎనిమిదింపావుకి మొదలెట్టారు. ఆ విషయంలో వాళ్లకీ మనకీ ఏం తేడా లేదు.

సేవకిచ్చే అవార్డు ఒకావిడకి వచ్చింది. ఆరుగురు పిల్లల తల్లి. పగలు చికెన్ ఫ్యాక్టరీలో పని. గురువారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ఆ చుట్టుపక్కల పిల్లలకి హోంవర్క్ చేయిస్తుంది. ఆవిడకి ఇంగ్లీషు చదవడం సరిగ్గా రాదు. అందుకని యూనివర్సిటీ పిల్లల్ని బతిమాలి తెచ్చి చెప్పిస్తుంది, తను వంట చేస్తుంది, చివరికి అందర్నీ తన వ్యాన్‌లో ఎవరింటి దగ్గర వాళ్లని దింపుతుంది. ఆవిడ పేరు చదవగానే హాల్లో ఆడవాళ్లంతా నాలుక ఆడిస్తూ ఒక్కసారిగా కూతపెట్టారు. నాకు ఒళ్లు జలదరించింది.

ఇంటికొచ్చి చెబితే మా బావమరిది ఒకటే మాట: "దేశం మొత్తానికీ ఇచ్చే ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ ఉంది, ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా ఉంది. వాళ్లలో వాళ్లు ఇచ్చుకోవడం దేనికి?" నాకు వెంటనే జవాబు తట్టలేదు. మీరేమంటారు?

ఓవర్‌టైమ్ మూర్తి:
మీ బావమరిది మాటే నాదీ. ఎరిత్రియా నుంచి వచ్చిన బెర్హాన్ అహ్మద్ 2009లో విక్టోరియా రాష్ట్రానికి ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్. చిన్నప్పుడే తుపాకీ చేతికిచ్చి సైన్యంలోకి లాక్కెళ్లిన డెంగ్ అడుట్ 1998లో శరణార్థిగా వచ్చి, లా చదివి, లాయరై 2017లో న్యూ సౌత్ వేల్స్ నుంచి అదే గౌరవం పొందాడు. కెన్యాలోని కకూమా శరణార్థి శిబిరంలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు అవేర్ మాబిల్ 2023లో ఏకంగా దేశానికే యంగ్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్. వీళ్లెవరూ విడిగా కుర్చీ వేయమని అడగలేదు. వేరే హాల్లో వేరే కప్పు ఇస్తే, ఆ హాలు గుమ్మం దాటి ఆ పేరు ఎవరికి వినిపిస్తుంది?

వెర్రిబీ వదిన:
మూర్తి గారూ, మీరు ఏరి తెచ్చిన ముగ్గురికీ పద్నాలుగేళ్లు పట్టింది, చూసుకున్నారా?

నేను హాస్పిటల్లో నర్సుని. మా వార్డులో ఒక డాక్టరు గారి పేరు ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియాకి పంపినప్పుడు ఆ ఫారం నింపడంలో నేనూ కూర్చున్నాను. పని చేసే మనిషి తన పేరు తను పంపుకునేది కాదు అది. ఇంకొకరు పూనుకోవాలి, ఆయన పని దగ్గరుండి చూసినవాళ్లని రెఫరీలుగా ఇవ్వాలి, ఏం చేశారో, దానివల్ల ఏం మారిందో మంచి ఇంగ్లీషులో రాయాలి. ఆ తర్వాత ఏడాదిన్నర, రెండేళ్లు ఎదురుచూడాలి. డాక్టరు గారి చుట్టూ ఇది రాయగలవాళ్లు పదిమంది ఉంటారు. చికెన్ ఫ్యాక్టరీ ఆవిడ చుట్టూ ఎవరున్నారు? రాష్ట్ర మల్టీకల్చరల్ కమిషన్ ఇచ్చే అవార్డులకీ ఇదే ఇబ్బంది, అక్కడా ఫారం నింపి పేరు పంపాల్సిందే. ఆవిడ పని కళ్లారా చూసినవాళ్లు ఆ హాల్లోనే ఉన్నారు, అందుకే ఆ హాల్లోనే ఇచ్చారు.

2018 జనవరి మీకు గుర్తుందో లేదో. ఆఫ్రికా కుర్రాళ్ల ముఠాల వల్ల మెల్‌బోర్న్‌లో జనం రాత్రిపూట రెస్టారెంట్లకి వెళ్లడానికి భయపడుతున్నారని అప్పటి కేంద్ర హోం వ్యవహారాల మంత్రి పీటర్ డటన్ అన్నాడు. ఏ చానెల్ పెట్టినా 'ఆఫ్రికన్ గ్యాంగ్స్'. అప్పుడు ఆ పిల్లలేం చేశారో తెలుసా? అదే మాటని హ్యాష్‌ట్యాగ్‌గా పెట్టి, పట్టా పుచ్చుకున్న ఫొటోలు, ఆఫీసు ఫొటోలు, పెళ్లి ఫొటోలు వేశారు. "ఇదిగో మా గ్యాంగ్" అని. ఆ నెలంతా నాతో షిఫ్టు చేసిన సూడాన్ అమ్మాయి యూనిఫాం తీయకుండానే బస్సెక్కేది. యూనిఫాంలో ఉంటే ఎవరూ ఏమీ అనరని.

ఫుట్‌స్క్రే కుర్రాడు:
వదినా, మీరు చెప్పినదాంట్లోనే నాకు గుచ్చుకునేది ఉంది. యూనిఫాం వేసుకుంటేనే మనిషి, అవార్డు వస్తేనే మంచి వలసదారు. ఇదేం లెక్క? మామూలుగా బతికే హక్కు లేదా వాళ్లకి? డెంగ్ అడుట్ ఎక్కడికెళ్లినా ముందు బాల సైనికుడి కథ చెప్పించాకే లాయరు సంగతి అడుగుతారు.

పెద్ద వేదిక ఎంత గట్టిదో కూడా చూశాం. టోక్యో ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో సూడాన్‌లో పుట్టిన మన రన్నర్ పీటర్ బోల్ నాలుగో స్థానంలో వచ్చినప్పుడు దేశమంతా మావాడే అంది. 2023లో అవేర్ మాబిల్ గెలిచిన ఆ యంగ్ ఆస్ట్రేలియన్ పోటీలోనే వెస్టర్న్ ఆస్ట్రేలియా తరఫున ఇతనూ ఉన్నాడు. ఆ ప్రకటనకి కొద్ది రోజుల ముందు, డోపింగ్ పరీక్షలో అతని మొదటి శాంపిల్ పాజిటివ్ వచ్చిందని బయటికొచ్చింది. రెండో శాంపిల్ దాన్ని నిర్ధారించలేదు, ఆగస్టుకల్లా కేసు మూసేశారు. ఈ మధ్యలో అతను పడిన మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటారు? అలాంటప్పుడు పక్కన నిలబడేది సొంత మనుషులే. కాబట్టి సొంత వేదిక ఉండాలి. బయటివాళ్లకి చూపించుకోవడానికైతే మాత్రం వద్దు.

ఓవర్‌టైమ్ మూర్తి:
అంటే కావాలంటావా, వద్దంటావా? రెండు పడవల మీద కాళ్లు పెట్టావు తమ్ముడూ.

ట్రుగనీనా 3029:
అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారు గానీ, మా వీధిలో రెండు కార్లు పోయాయి. ముందు పిల్లల్ని అదుపులో పెట్టుకోమనండి, తర్వాత కప్పులు.

వెర్రిబీ వదిన:
కార్లు పోతే బాధే. కానీ ఎవరు తీసుకెళ్లారో పోలీసులు చెప్పారా, మీరే చెప్పేసుకున్నారా? 2009 మేలో ఇదే ఊళ్లో మన తెలుగు విద్యార్థిని స్క్రూడ్రైవర్‌తో పొడిచారు. ఫ్లిండర్స్ స్ట్రీట్ దగ్గర మనవాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు, నేనూ కూర్చున్నాను. "రాత్రిపూట రైల్లో మీ భాషలో గట్టిగా మాట్లాడకండి" అని అప్పుడు మనకీ బుద్ధులు చెప్పారు. మీరు అప్పటికి రాలేదేమో. పైగా ఆ హోంవర్క్ క్లబ్ పిల్లల్ని ఒక దారిలో పెట్టడానికే కదండీ.

శాలువా బాధితుడు:
మీరంతా పెద్ద పెద్ద మాటల్లో ఉన్నారు. నేను చిల్లర సంగతి అడుగుతా. టేబుల్ ఎంత?

ఎందుకంటే నాకు అనుభవం ఉంది. పేరు చెప్పను గానీ, మన సంఘమే ఒకటి ఫోన్ చేసి "మీకు విశిష్ట సేవా పురస్కారం వచ్చింది" అంది. నేనేం సేవ చేశానో నాకే తెలియదు, ఒకసారి బతుకమ్మకి కుర్చీలు మోశాను. తర్వాత నెమ్మదిగా, టేబుల్ ఒకటి తీసుకుంటే బావుంటుందన్నారు. పది సీట్లు. ఆ శాలువా చలికాలంలో కప్పుకుంటున్నాను, ఖరీదైన దుప్పటి కదా. స్టేజీ మీద నాతో పాటు ఇరవై రెండుమంది ఉన్నారు, కింద కూర్చున్నవాళ్లు మా పెళ్లాలు. ఆఫ్రికా వాళ్లకీ ఇదే జబ్బు అంటుకుంటే మాత్రం ఆవిడ మెమెంటోకి విలువుండదు.

టార్నీట్ రాజు:
నిజం చెప్పాలంటే అక్కడా ఉంది ఆ జబ్బు. ముఖ్య స్పాన్సరు నలభై నిమిషాలు మాట్లాడాడు. 'వ్యాపారవేత్త' అవార్డు ఎవరికొచ్చిందో మీరే ఊహించండి. మా మిత్రుడు నా చెవిలో "అది కొన్నది, ఇది ఇచ్చింది" అన్నాడు. ఏది ఏదో హాల్లో అందరికీ తెలుసట.

లండన్ శాస్త్రి:
ఇక్కడ ఘనా వాళ్ల గూబా అవార్డులు 2010లో లండన్‌లో మొదలయ్యాయి. మొదట పేరులోనే బ్రిటన్‌లో ఉండే ఘనా వాళ్లవని ఉండేది. తర్వాత అవే అక్షరాలకి ఆఫ్రికా మొత్తానికి సరిపడేలా కొత్త అర్థం పెట్టుకున్నారు. మొదలెట్టిన డెంటా అమోటెంగ్‌కి తర్వాత బ్రిటిష్ ప్రభుత్వమే ఎంబీఈ అనే బిరుదు ఇచ్చింది. మూర్తి గారు అడిగిన గుమ్మం సంగతికి ఇది కొంత జవాబు: సొంత హాల్లో పెద్దైనవాళ్లని బయటివాళ్లు చూస్తారు, తలుపు తీసి ఉంచితే. అయితే ఘనా వాళ్లకి మాత్రమే అన్నంతవరకూ ఎవరి పని ఏమిటో అందరికీ తెలిసేది. ఆఫ్రికా మొత్తం అనేసరికి సెలబ్రిటీలు వస్తారు. పెద్దదైనకొద్దీ మన చికెన్ ఫ్యాక్టరీ ఆవిడ లాంటివాళ్లకి చోటు తగ్గుతుందని నా అనుమానం.

డర్బన్ కోడలు:
'ఆఫ్రికా వాళ్లు' అంటే ఎవరో ముందు చెప్పండి. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఉన్న ఆఫ్రికాలో పుట్టినవాళ్లలో అందరికన్నా ఎక్కువ దక్షిణాఫ్రికా వాళ్లే, సుమారు 1,89,000. అందులో తెల్లవాళ్లు బోలెడు. మా ఆయన కూడా ఆ లెక్కలోనే ఉన్నాడు, ఇంటిపేరు నాయుడూ.

వాళ్ల పెద్దలు చెరకు తోటల కూలీకి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లారు. మద్రాసు నుంచి ట్రూరో అనే మొదటి ఓడ 1860 నవంబరులో డర్బన్ చేరిందే, ఆ తర్వాతి ఓడల్లో ఏదో ఒకటి. అక్కడ 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది. మా అత్తగారికి తెలుగులో పాటలొచ్చు, మాటలు రావు. రంగును బట్టి మనుషుల్ని విడదీసిన అపార్ట్‌హైడ్ రోజుల్లో ఇల్లు ఖాళీ చేయించి ఇండియన్లకని వేరే పేటకి తోలారు. ఇక్కడికొచ్చాక ఇరవై ఏళ్లుగా వృద్ధులకి భోజనాలు మోసుకెళ్లి ఇస్తోంది. ఇండియన్ సంఘం వాళ్లు మీరు సౌతాఫ్రికా కదా అంటారు, ఆఫ్రికన్ సంఘం వాళ్లు మీరు ఇండియన్లు కదా అంటారు. ఆవిడకి ఏ హాల్లో ఇవ్వాలి?

ఫుట్‌స్క్రే కుర్రాడు:
అక్కా, దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఓవర్‌టైమ్ మూర్తి:
నా దగ్గర ఉంది. దేశం మొత్తానికిచ్చేదాంట్లో ఇవ్వాలి. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే.

వెర్రిబీ వదిన:
అయితే రాద్దాం రండి. ఒకటి చికెన్ ఫ్యాక్టరీ ఆవిడకి, ఒకటి డర్బన్ అత్తగారికి. నామినేషన్ సంగతి వాళ్లకి తెలియనివ్వకూడదు, అది గుప్తంగా సాగాల్సింది. కోడలు గారూ, ఈ చర్చ ఇంట్లో ఎవరికీ చూపించకండి. రాజు గారు గురువారం ఆ హాలుకెళ్లి, ఎంతమంది పిల్లలు, ఎన్నేళ్లుగా అన్నీ అడిగి తెలుసుకోవాలి. ఎందుకని అడిగితే వ్యాన్ తోలడానికొచ్చానని చెప్పండి, నిజంగానే తోలండి.

టార్నీట్ రాజు:
గురువారం నాకు షిఫ్టు ఉంది. మార్చుకుంటాలెండి. మూర్తి గారూ, ఫారంలో ఇంగ్లీషు మీరు చూస్తారా?

ఓవర్‌టైమ్ మూర్తి:
పంపండి. వేరే అవార్డుల విషయంలో మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.