అప్‌డేట్: టేబుల్ సా బ్లేడు సరిచేశాక అల్యూమినియం కోత

నా టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకొచ్చే కరెంటు రంపం) మీద ప్లైవుడ్ అంచు నల్లగా కాలడం, అల్యూమినియం సెక్షన్ కోస్తుంటే బ్లేడు పట్టేయడం గురించి ఇంతకుముందు అడిగాను, రెండింటికీ కారణం తేలింది. తప్పు ఫెన్స్‌ది (చెక్కను ఆనించి తోసే పక్క పట్టీ) కాదు. బ్లేడే మైటర్ గాడికి (టేబుల్ మీద బ్లేడు పక్కన ఉండే పొడవాటి గాడి) సమాంతరంగా లేదు.

ప్లగ్ పీకి, ఒక పన్నుకు మార్కర్‌తో గుర్తు పెట్టి, గాడిలో జారే చెక్కకు డయల్ గేజ్ (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) బిగించి బ్లేడు ముందు వైపున కొలిచాను. అదే పన్నును వెనక్కి తిప్పి మళ్లీ కొలిస్తే తేడా 0.4 మి.మీ. వేర్వేరు పళ్ల మీద కొలిస్తే బ్లేడు వంకర కూడా లెక్కలో కలిసిపోతుంది, జాగ్రత్త. టేబుల్ కింద ట్రనియన్ (బ్లేడును మోసే భాగం) బోల్టులు నాలుగింటిలో మూడు వదులు చేసి, నాలుగోది కాస్త బిగువుగా ఉంచి, చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. బిగించేటప్పుడు మళ్లీ జరుగుతుంది, అందుకే ఒక్కో బోల్టుకీ గేజ్ చూడాల్సిందే. చివరికి తేడా 0.05 మి.మీ. దగ్గర ఆగింది. ఫెన్స్‌ను ఆ తర్వాతే, గాడిని బట్టి సరిచేశాను.

అల్యూమినియానికి 10 అంగుళాల, 80 పళ్ల టీసీజీ (ఒకటి విడిచి ఒకటి మూలలు చెక్కిన పళ్లు) కార్బైడ్ బ్లేడు, హుక్ (పన్ను వంపు కోణం) మైనస్ 5 డిగ్రీలు, అంటే పళ్లు కాస్త వెనక్కి వాలి ఉంటాయి. పాత 24 పళ్ల చెక్క బ్లేడు పలుచని గోడను కొరికి లాగేసేది. పళ్లకు మైనం రాస్తే రజను అంటుకోదు. పలుచని గొట్టంలో చెక్క ముక్క దూర్చి, మైటర్ గేజ్‌కు (ఆ గాడిలో జారే అడ్డు పట్టీ) క్లాంప్ వేసి నెమ్మదిగా తోయాలి. కళ్లద్దాలు తప్పనిసరి, చేతి తొడుగులు వద్దు. రంపపు పొట్టు ముందే ఊడ్చేయండి. వేడి రజను దానిలో పడితే నిప్పంటుకోవచ్చు.

చర్మం తగిలితే ఆగే బ్రేకున్న సా అయితే బైపాస్ మోడ్‌లో (ఆ బ్రేకును తాత్కాలికంగా ఆపే అమరిక) పెట్టాలి, లేకపోతే అల్యూమినియం తగలగానే బ్రేక్ పడి బ్రేకు కార్ట్రిడ్జ్, బ్లేడు రెండూ పోతాయి. బైపాస్‌లో ఆ రక్షణ ఉండదు.